గోల్ కొట్టేవాడు ముందా... ఆపేవాడు ముందా?

*వరసగా ఓడిపోతున్న ఫుట్‌బాల్ జట్టు ముందు దేన్ని సరిచేసుకోవాలి? స్ట్రైకర్లనా, డిఫెన్స్‌నా? ఆరేళ్లలోనే అట్టడుగునూ శిఖరాన్నీ చూసి, చివరికి ఊరే వదిలిపోయిన హైదరాబాద్ క్లబ్ కథలో దీనికి జవాబుంది. హైదరాబాద్‌కే కాదు, విల్లియనూరులో జట్టు కట్టుకున్న కుర్రాళ్లకూ అది పనికొస్తుంది.*

2022 మార్చి 20, ఆదివారం రాత్రి. గోవాలోని ఫతోర్దా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. గ్యాలరీల నిండా పసుపు రంగే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కేరళ బ్లాస్టర్స్ అభిమానులు. కొవిడ్ వల్ల రెండు సీజన్లపాటు ఖాళీ స్టేడియాల్లో ఆడిన కుర్రాళ్లకు ఆ హోరు కొత్త. అయితే మైదానంలో పసుపు జెర్సీలు వేసుకున్నది మాత్రం హైదరాబాద్ ఎఫ్‌సీ. కాగితం మీద ఆతిథ్య జట్టు హైదరాబాదే కావడంతో కేరళ తన రంగును పక్కన పెట్టక తప్పలేదు.

68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టాడు. గ్యాలరీ ఊగిపోయింది. ఇక కప్పు కేరళదే అనుకుంటుండగా, 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి, గాల్లో ఉన్న బంతిని నేల తాకనివ్వకుండా బలంగా తన్నాడు. 1-1. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. మిగిలింది పెనాల్టీ షూటౌట్.

హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోవా వాడే. ఆ మైదానం అతనికి కొట్టిన పిండి. అక్కడే అతనికో చేదు అనుభవమూ ఉంది. 2015 ఫైనల్లో ఎఫ్‌సీ గోవా తరఫున ఇదే స్టేడియంలో కీపింగ్ చేస్తుంటే, జట్టు ఆధిక్యంలో ఉండగా 90వ నిమిషంలో అతని ఖాతాలో సెల్ఫ్ గోల్ పడింది. ఆ వెంటనే చెన్నైయిన్ మరో గోల్ కొట్టి 3-2తో కప్పు ఎగరేసుకుపోయింది. ఆరేళ్లు గడిచాక, అదే మైదానంలో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. షూటౌట్ 3-1. హైదరాబాద్ తొలిసారి ఐఎస్ఎల్ విజేత.

ఆ కప్పు ఎవరిది? తవోరా గోల్ లేకపోతే షూటౌట్ దాకా వచ్చేదే కాదు. కట్టిమణి లేకపోతే షూటౌట్ దాటేదే కాదు.

ఇప్పుడెందుకీ మాట?

ఆ కప్పు తెచ్చిన క్లబ్ ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. 2023-24లో పట్టికలో అట్టడుగుకు పడిపోయింది. తర్వాతి సీజన్లో జిందాల్ గ్రూపు చేతికి వచ్చినా పెద్దగా లేవలేకపోయింది. 2025 అక్టోబరులో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి వెళ్లి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో ‘డెక్కన్ లీజియన్’ పేరుతో డప్పులు కొట్టి, బ్యానర్లు కట్టిన అభిమానులకు అరవడానికి ఐఎస్ఎల్‌లో సొంత జట్టంటూ లేకుండా పోయింది.

ఇద్దరు అభిమానులు కలిస్తే ఇప్పటికీ ఒకటే వాదన. ‘ఓగ్బెచే లాంటి ఇంకో స్ట్రైకర్‌ను తెచ్చుంటే నిలబడేవాళ్లం’ అంటాడొకడు. ‘మ్యాచ్‌కు రెండేసి గోల్స్ ఇస్తుంటే ఎవడు వస్తే మాత్రం ఏం చేస్తాడు?’ అంటాడు రెండోవాడు. ప్రపంచంలో ఓడిపోతున్న జట్టు ఉన్నచోటల్లా ఈ వాదన ఉంటుంది. అయితే దీన్ని మాటలతో కాక అంకెలతో తేల్చుకునే వీలు హైదరాబాద్ మనకిచ్చింది.

ముందు వరసలో మెరుపులు... వెనక చిల్లులు

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019 ఆగస్టులో. మూతపడ్డ పుణె సిటీ స్థానంలో లీగ్‌లోకి వచ్చింది. హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన ఫిల్ బ్రౌన్ కోచ్. ఒకప్పుడు లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్న బ్రెజిల్ ఆటగాడు మార్సెలినో ముందు వరసలో ఉన్నాడు. ఆశలు భారీగానే పెట్టుకున్నారు.

తొలి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో ఓటమి. అదేదో ఒక్కరోజు పీడకల అనుకుంటే పొరపాటు. ఆ సీజన్లో ఆడిన 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండు, ఓడినవి 12. కొట్టిన గోల్స్ 21, ఇచ్చినవి 39. పదో స్థానం, అంటే ఆఖరుది. బ్రౌన్ ఉద్యోగం సీజన్ మధ్యలోనే పోయింది.

ఆ 21 గోల్స్ మరీ తీసిపారేసే లెక్క కాదు. మ్యాచ్‌కు ఒకటికి పైనే కొట్టారు. కానీ ఒకటి కొట్టేలోపు రెండు ఇచ్చుకుంటే పాయింట్లెక్కడి నుంచి వస్తాయి?

మనోలో వేసిన తాళం

మరుసటి సీజన్‌కు స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు. మామూలుగా ఆఖరున నిలిచిన జట్టు కోచ్ మీద పెద్ద స్ట్రైకర్ కోసం ఒత్తిడి ఉంటుంది. స్పెయిన్‌కు చెందిన స్ట్రైకర్ అరిడానే సంతానా వచ్చాడు, పది గోల్స్ కొట్టాడు. అయితే అసలు మార్పు వెనక వరసలో జరిగింది. ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా, కుడి పక్క ఆశిష్ రాయ్. ఇద్దరూ అప్పటికి పెద్దగా పేరులేని కుర్రాళ్లు. మధ్యలో మణిపూర్‌కు చెందిన చింగ్లెన్‌సనా సింగ్, అతని పక్కన స్పెయిన్ డిఫెండర్ ఓడెయ్. దాదాపు ఈ నలుగురినే మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడించాడు.

ఫలితం చూడండి. కొట్టిన గోల్స్ 21 నుంచి 27కు పెరిగాయి, అది కూడా రెండు మ్యాచ్‌లు ఎక్కువ ఆడి. ఇచ్చిన గోల్స్ మాత్రం 39 నుంచి 19కి, సగానికి పడిపోయాయి. పాయింట్లు 10 నుంచి 29కి, స్థానం పది నుంచి ఐదుకు మారాయి. మొదటి ఏడాది 12 మ్యాచ్‌లు ఓడిన జట్టు రెండో ఏడాది ఓడింది మూడే.

అయితే ఇదే సీజన్ రెండో పాఠమూ చెప్పింది. ఆ ఏడాది 11 మ్యాచ్‌లు డ్రా. ప్లేఆఫ్స్‌కు వెళ్లాలంటే చివరి లీగ్ మ్యాచ్‌లో గోవాను ఓడించాలి. ఒక్క గోల్ చాలు. మ్యాచ్ 0-0తో ముగిసింది. గోవా పైకి వెళ్లింది, హైదరాబాద్ ఇంటికొచ్చింది. గోల్స్ ఆపడం నేర్చుకున్న జట్టుకు ఆ రోజు కొట్టేవాడు కరవయ్యాడు.

మార్కెజ్ అప్పుడు స్ట్రైకర్ వైపు చూశాడు. వచ్చినవాడు నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఓగ్బెచే. వయసు 37కు దగ్గర్లో ఉంది. 2021-22లో 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకున్నాడు. జట్టు 43 గోల్స్ కొట్టింది. అంతకుముందు ఏడాదికన్నా నాలుగు గోల్స్ ఎక్కువ ఇచ్చినా బాధ లేకపోయింది. ఆ సీజనే ఫతోర్దాలో కప్పుతో ముగిసింది.

ముందు తలుపు వేశారు, ఏడాది ఆగి బాణం కొనుక్కున్నారు. వరస తిరగేసి ఉంటే? 39 గోల్స్ ఇచ్చే డిఫెన్స్ ముందు ఓగ్బెచేను నిలబెట్టి ఉంటే అతని గోల్స్ చాలావరకు ఓటమి తేడా తగ్గించడానికే సరిపోయేవి.

> ■ ఐదు సీజన్లు... ఒక క్లబ్ జాతకం
>
> 2019-20: కొట్టినవి 21, ఇచ్చినవి 39. పదో స్థానం (ఆఖరు).
>
> 2020-21: కొట్టినవి 27, ఇచ్చినవి 19. ఐదో స్థానం.
>
> 2021-22: కొట్టినవి 43, ఇచ్చినవి 23. లీగ్‌లో రెండో స్థానం, ఫైనల్లో విజేత.
>
> 2022-23: కొట్టినవి 36, ఇచ్చినవి 16. మళ్లీ రెండో స్థానం.
>
> 2023-24: కొట్టినవి 10, ఇచ్చినవి 43. పన్నెండో స్థానం (ఆఖరు).

ఆపడం నేర్పొచ్చు... కొట్టడం కొనాలి

చిక్కుల్లో ఉన్న క్లబ్‌లు డిఫెన్స్‌తో మొదలుపెట్టాలనడానికి ప్రధాన కారణం డబ్బు. మార్కెట్లో అన్నిటికన్నా ఖరీదైన సరుకు గోల్స్ కొట్టేవాడు. ఆఖరున ఉన్న జట్టుకు అలాంటివాడు రమ్మన్నా రాడు. డిఫెన్స్ అలా కాదు. అది నలుగురైదుగురు ఒకేసారి కదలడం, ఒకడు ముందుకెళ్తే పక్కవాడు ఆ ఖాళీని కప్పడం. రోజూ చేయిస్తే వస్తుంది.

ఇటలీ కోచ్ అరిగో సాకీ ఈ సంగతి నిరూపించడానికి ఒక పందెం కాసేవాడు. ఒకవైపు గోల్‌కీపర్, నలుగురు డిఫెండర్లు. మరోవైపు ఏసీ మిలాన్ తారలు గుల్లిట్, వాన్ బాస్టెన్‌లతో సహా పదిమంది. పావుగంటలో గోల్ కొట్టాలి. పద్ధతిగా నిలబడ్డ ఐదుగురిని పద్ధతి లేని పదిమంది ఎప్పుడూ ఛేదించలేకపోయారని సాకీ చెప్పేవాడు. అతను పేరున్న ఆటగాడు కాదు. కోచ్ కాకముందు బూట్ల వ్యాపారంలో ఉన్నాడు.

ఇంగ్లండ్‌లో 2022-23 ప్రీమియర్ లీగ్ ముగింపు ఇంకా కళ్లకు కట్టే ఉదాహరణ. లెస్టర్ సిటీ 51 గోల్స్ కొట్టింది, 68 ఇచ్చింది. ఎవర్టన్ కొట్టింది 34 మాత్రమే, కానీ ఇచ్చింది 57. లెస్టర్ కింది లీగ్‌కు పడిపోయింది. 17 గోల్స్ తక్కువ కొట్టిన ఎవర్టన్ రెండు పాయింట్ల తేడాతో బతికి బట్టకట్టింది. క్రిస్ ఆండర్సన్, డేవిడ్ సాలీ 2013లో వెలువరించిన ‘ది నంబర్స్ గేమ్’ పుస్తకం చెప్పిందీ దాదాపు ఇదే. ఒక గోల్ కొట్టినందుకు వచ్చే ఫలంకన్నా, ఒక్క గోల్ కూడా ఇవ్వనందుకు వచ్చే ఫలం ఎక్కువ. సున్నా ఇచ్చిన జట్టుకు కనీసం ఒక పాయింటు గ్యారంటీ కదా!

> ■ పిజ్జా పందెం
>
> 2015-16లో లెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ గెలిచి ప్రపంచాన్ని నివ్వెరపరచింది. ఆ సీజన్ మొదటి తొమ్మిది మ్యాచ్‌ల్లోనూ ఆ జట్టు గోల్ ఇస్తూనే ఉంది. గోల్ ఇవ్వకుండా ఒక మ్యాచ్ ముగిస్తే అందరికీ పిజ్జా తినిపిస్తానని కోచ్ రానియేరి మాటిచ్చాడు. 2015 అక్టోబరు 24న క్రిస్టల్ ప్యాలెస్‌ను 1-0తో ఓడించారు. కోచ్ మాట నిలబెట్టుకున్నాడు. కాకపోతే ఆటగాళ్ల చేతే పిండి పిసికించి, ఎవరి పిజ్జా వాళ్లనే చేసుకోమన్నాడు. సీజన్ ముగిసేసరికి లెస్టర్ ఇచ్చిన గోల్స్ 38 మ్యాచ్‌ల్లో 36.

ఎటాక్ వాదుల మాటలోనూ పసుంది

అలాగని పదకొండు మందినీ గోల్ ముందు నిలబెడితే సరిపోతుందా? మిడిల్స్‌బరో క్లబ్‌ను అడగాలి. 2016-17 ప్రీమియర్ లీగ్‌లో ఆ జట్టు ఇచ్చిన గోల్స్ 53. పట్టికలో తనకన్నా పైనున్న కొన్ని జట్లకన్నా అవి తక్కువ. కానీ 38 మ్యాచ్‌ల్లో కొట్టింది 27. కింది లీగ్‌కు జారిపోయింది. ఆపడమే తెలిసినవాడు ఒడ్డుకు చేరడు.

నిబంధనలూ ఎటాక్ వైపే మొగ్గాయి. ఒకప్పుడు గెలిస్తే రెండు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. ఇంగ్లండ్ 1981లో గెలుపుకు మూడు పాయింట్లు చేసింది. 1994 ప్రపంచకప్ నుంచి అదే ప్రపంచమంతా స్థిరపడింది. అంటే మూడు డ్రాలు ఒక గెలుపుతో సమానం. 11 డ్రాలు చేసుకున్న హైదరాబాద్ ప్లేఆఫ్స్ తలుపు దగ్గరే ఆగిపోయింది.

ఇంకో సంగతి అభిమానులది. టికెట్ కొనేవాడు గోల్ చూడ్డానికొస్తాడు. 0-0 మ్యాచ్‌లు వరసగా నాలుగు చూస్తే ఐదోదానికి ఇంట్లోనే ఉండిపోతాడు. గ్యాలరీ ఖాళీ అయితే స్పాన్సర్ ముఖం చాటేస్తాడు. అందుకే డిఫెన్స్‌ను ఒకటి రెండు సీజన్ల మందుగా వాడాలి తప్ప ఆహారంగా తినకూడదు.

రహీం సాబ్ లెక్క

ఈ బేరీజు హైదరాబాద్‌కు కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా టీచరు. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఒక టోర్నీ, బలహీనమైన కాలితోనే తన్నాలన్న షరతుతో ఇంకో టోర్నీ పెట్టేవాడు. బంతి తన దగ్గరే పెట్టుకోకుండా పక్కవాడికి ఇవ్వడం అలవాటు కావాలని!

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. రహీం దాన్ని చూసి బెంబేలెత్తలేదు. జట్టు నిలబడే తీరునే మార్చే పనిలో పడ్డాడు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన చేసిన పని ఇంకా గొప్పది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో మన ప్రధాన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. సెమీఫైనల్‌కు రహీం అతన్ని తిరిగి దించాడు. డిఫెన్స్‌లో కాదు, సెంటర్ ఫార్వర్డ్‌గా! కొండలాంటి డిఫెండర్‌ను ముందుకు పంపేముందు వెనక అరుణ్ ఘోష్ ఆ స్థానాన్ని మోయగలడని చూసుకున్నాడు. జర్నైల్ సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియా మీద పి.కె.బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ ఇంకొకటి. 2-1. ఫైనల్లో గోల్‌పోస్టుల మధ్య నిలబడింది హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్ 11న కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఒకటో తారీఖు జీతం

మళ్లీ మన క్లబ్ దగ్గరకొద్దాం. 2022-23లో లీగ్ మొత్తమ్మీద 16 గోల్సే ఇచ్చిన జట్టు, మరుసటి ఏడాది 43 ఎలా ఇచ్చింది? కోచింగ్ మరిచిపోయారా?

ఆశిష్ రాయ్ 2022లోనే మోహన్ బగాన్‌కు వెళ్లాడు. 2023లో మార్కెజ్ గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబైకి వెళ్లారు. ఓగ్బెచే కూడా లేడు. ఇలాంటివి ఏ క్లబ్‌లోనైనా జరిగేవే. కానీ ఆ తర్వాత జీతాలు ఆగిపోయాయి. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా సహా సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. విదేశీ ఆటగాళ్లలో చివరిదాకా ఉండిపోయింది బ్రెజిల్‌కు చెందిన జొవావ్ విక్టర్ ఒక్కడే. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్తో అకాడమీ కుర్రాళ్లను బరిలోకి దించి నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో 16 ఓటములు. గెలిచింది ఒకే ఒక్కటి, చెన్నైయిన్ మీద చెన్నైలో 1-0తో. ఆ కుర్రాళ్లు ఆ ఒక్కరోజు గోల్ ఇవ్వలేదు, గెలిచారు.

డబ్బు ఆగినప్పుడు ముందు కూలేది డిఫెన్సే. స్ట్రైకర్ ఒక్కడే మెరిసి ఒక మ్యాచ్ గెలిపించగలడు. డిఫెన్స్‌కు నెలల తరబడి కలిసి ఆడిన అలవాటు కావాలి. అందులో ఇద్దరు వెళ్లిపోతే మిగిలిన ఇద్దరూ కొత్తవాళ్లతో సమానం. నలుగురినీ కలిపి ఉంచేది కోచ్ బోర్డు మీద గీసే గీతలు కాదు, నెల తిరిగేసరికి చేతికందే జీతం.

విల్లియనూరు నుంచి చూస్తే

పుదుచ్చేరికి పడమరగా, శంకరాపరణి నది పక్కన ఉంటుంది విల్లియనూరు. విల్లుపురం నుంచి పుదుచ్చేరి వచ్చే రైలు ఈ ఊరు దాటుకునే వెళ్తుంది. పాలన ఒకటే అయినా ఈ కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మలబారు తీరంలో మాహే, గోదావరి ఒడ్డున మన తెలుగు యానాం, కావేరి డెల్టాలో కారైకాల్, ఇక్కడ పుదుచ్చేరి. వీటిలో దేనికీ ఐఎస్ఎల్ క్లబ్ లేదు. ఇక్కడి కుర్రాళ్లకు ఓగ్బెచేను కొనే స్తోమతా లేదు. కాబట్టి ఈ ప్రశ్న వాళ్లకే ఎక్కువ అవసరం.

విల్లియనూరు తిరుకామేశ్వరస్వామి రథోత్సవానికి ఏటా లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చి తేరు తాడు పడతారు. ఫ్రెంచి గవర్నర్ల నాటి ఆనవాయితీ అది. మోకు లాగేవాళ్లు వందలమంది ఉంటారు, ఫొటోల్లో పడేది వాళ్లే. తేరు చక్రాల పక్కన నడుస్తూ, మలుపులో చెక్క దిమ్మె వేసి దాన్ని అదుపులో పెట్టేవాళ్లు కొద్దిమందే. ఊరి జట్టులోనూ అంతే. అందరికీ మోకు లాగాలనే ఉంటుంది. సెంటర్ ఫార్వర్డ్ చోటుకు ఆరుగురు పోటీపడతారు, స్టాపర్‌గా ఆడమంటే ఎవరూ రారు. ఆఖరికి ఆట రానివాణ్ణి వెనక నిలబెట్టి, బొద్దుగా ఉన్నవాడికి గ్లౌజులు తొడుగుతారు. ఓటమి అక్కడే మొదలవుతుంది.

> ■ మీ ఊరి జట్టు వరసగా ఓడిపోతోందా?
>
> ● గత ఐదారు మ్యాచ్‌ల్లో ఇచ్చిన ప్రతి గోల్ ఎలా పడిందో నోట్‌బుక్‌లో రాయండి: కార్నరా, ఫ్రీకిక్కా, మధ్యలో బంతి పోగొట్టుకోవడమా? ఎక్కువసార్లు పడుతున్న రకాన్ని ముందు ఆపండి.
>
> ● జట్టులో తెలివైన ఆటగాణ్ణి వెనక్కి తెండి. మాట్లాడేవాడు, పక్కవాణ్ణి కేకేసి నిలబెట్టేవాడు స్టాపర్‌గా ఉండాలి.
>
> ● వెనక నలుగురినీ, కీపర్‌నూ మ్యాచ్ మ్యాచ్‌కూ మార్చొద్దు.
>
> ● ముందు ఒకణ్ణి మాత్రం వదిలేయండి. వేగంగా పరిగెత్తేవాడు. బంతి దొరికితే అతనికే వెళ్లాలి. కార్నర్లూ ఫ్రీకిక్కులూ రోజూ సాధన చేయండి. ఖర్చు లేకుండా గోల్స్ వచ్చే దారి అదే.
>
> ● ఓటములు ఆగాక ఎటాక్‌లోకి ఇంకొకణ్ణి పంపండి. ఒకేసారి ముగ్గురిని కాదు.

తీర్పు

ఓడుతున్న జట్టు ముందు గోల్స్ ఇవ్వడం మానాలి. అది చేతిలో ఉన్న పని, డబ్బు తక్కువ పడుతుంది, ఫలితం త్వరగా కనిపిస్తుంది. కానీ అక్కడే ఆగిపోకూడదు. హైదరాబాద్ రెండో ఏడాది తాళం వేసింది, మూడో ఏడాది గోల్స్ కొట్టేవాణ్ణి తెచ్చింది, కప్పు గెలిచింది. ఐదో ఏడాది జీతాలివ్వలేక రెండూ పోగొట్టుకుంది. వరస అదే: ముందు జీతం, తర్వాత డిఫెన్స్, ఆపైన ఎటాక్.

హైదరాబాద్‌కే చెందిన మరో క్లబ్ శ్రీనిధి డెక్కన్ 2022-23లోనూ 2023-24లోనూ, ఐఎస్ఎల్‌కు కింది మెట్టయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో ఉంటే ఐఎస్ఎల్‌కు వెళ్లేది. రెండుసార్లూ అడుగు దూరంలో ఆగిపోయింది. అలాంటి జట్లు గెలిచినప్పుడే కాదు, 0-0తో బయటపడ్డ రోజునా మ్యాచ్‌కు వెళ్లండి. ఆ రోజు గోల్ ఇవ్వని గోల్‌కీపర్ పేరేమిటో తెలుసుకుని రండి.